కొమ్ము విరవకముందే

ఆర్మూర్
2025 జనవరి 19

చెల్లె కృతికకు,

మీ బాపు ముత్తెన్న కాక కవరు తెచ్చి ఇచ్చాడు. నీ ఆదివారం ఉత్తరంతో పాటు, వరసకు అన్ననైన నాకూ ఒక కాగితం మడిచి పెట్టి, పైన "ఇది ప్రణయన్నకు, విప్పొద్దు" అని రాశావు. ఆయన విప్పలేదు. నేను చదువుతున్నంతసేపూ ఎదురుగా నిలబడి నా మొహం చూశాడు.

ఇంజనీరింగ్ పరీక్షల తర్వాత నేను పెన్ను పట్టింది ఇప్పుడే. అప్పట్లో ఏమీ తెలియకపోయినా ఇరవై పేజీలు నింపేవాళ్లం. ఇప్పుడు తెలిసిన విషయం నాలుగు వాక్యాల్లో రాయడానికి కష్టపడుతున్నాను. అయినా కాగితమే మేలు. మా కంపెనీ చాట్‌లో ఏం రాసినా దాన్ని ఒక సాఫ్ట్‌వేర్ మూడు ముక్కల్లో కుదించి మా మేనేజర్‌కు పంపుతుంది. "జ్వరంగా ఉంది, ఈరోజు రాలేను" అని రాస్తే "ప్రణయ్ ఉత్సాహంగా ఉన్నాడు" అని పోయింది ఒకసారి.

ఇక్కడి పని మొదలైంది. రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తిదారు కిషన్ సేటు షెడ్డులో ముత్తెన్న కాక కుర్చీ పక్కన నాకో స్టూలు వేశారు. నీకు కొత్త కాదు కానీ, నేను చూసింది చూసినట్టు రాస్తాను. రైతు సంచి దించుతాడు. కాక ఒక పసుపు కొమ్ము తీసి చెవి దగ్గర పెట్టుకుని విరుస్తాడు. బాగా ఎండిన కొమ్ము ఖంగుమంటుంది. తడి మిగిలినది వంగి, చప్పుడు లేకుండా చీలుతుంది. కాక "ఎండింది" అంటాడు, లేదా "తడి" అంటాడు. తడి అంటే రైతు మారుమాట లేకుండా సంచి తీసుకుపోయి మళ్లీ ఎండబోసుకుంటాడు. ఎండింది అంటే కొనేవాళ్లు రెండోసారి విరిచి చూడరు. సేటు దగ్గర తేమ కొలిచే మీటరు ఉంది. ఒకే సంచిలో మూడు చోట్ల మూడు లెక్కలు చూపిస్తుంది. దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టడానికి వాడుతున్నారు.

నా పని, కాక విరిచే చప్పుడును, ఆయన చెప్పే మాటను రికార్డు చేయడం. అలాంటివి నాలుగైదు వేలు పోగైతే, చప్పుడు విని మాట చెప్పడం మిషన్ నేర్చుకుంటుంది. కాక చొక్కా మొదటి గుండీకి చిన్న మైకు పెట్టాను. మిషన్ అంటే ఒక టాబ్లెట్, ఒక డబ్బా. సేటు దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ఏం ఇంజనీర్ సాబ్, గీ డబ్బా ఏం జేస్తది?"

"వింటది సేటు."

"మా ఇంట్ల నా మాట ఒక్కలన్న ఇంటలేరు. గిదన్న ఇంటదేమో సూద్దాం."

నీ షరతు గుర్తుంది. మిషన్ వచ్చిందని బాపును కుర్చీలోంచి లేపకూడదు. నలభై ఒక్క ఏళ్ల కుర్చీ అది. మాట ఇస్తున్నాను, లేపదు. ఆయన కుర్చీ లేని చోట, నవీపేట్‌లోనో జక్రాన్‌పల్లిలోనో, ఆయన చెవి పనిచేస్తుంది. అంతే.

అన్న,
ప్రణయ్

*

హైదరాబాద్, హాస్టల్
జనవరి 26

ప్రణయన్నకు,

నువ్వు మాట ఇచ్చావని స్నేహలతకు చెప్పాను. "సాఫ్ట్‌వేర్ వాళ్ల మాటకు అప్‌డేట్లు వస్తుంటాయి" అంది. ఆమె నా పక్క మంచం. నా థీసిస్ అనవసరపు శబ్దాన్ని తొలగించడం మీద. ఆరు నెలలైంది, ఆమె గురకను కూడా తొలగించలేకపోయాను.

ఇక్కడ హాజరు మొహం చూసి వేసుకునే కెమెరా పెట్టారు. నన్ను గుర్తుపట్టదు. మా సెమినార్ హాల్లో గోడమీది ఫోటోలో ఉన్న పాత ప్రిన్సిపాల్‌ను రోజూ గుర్తుపట్టి హాజరు వేస్తుంది. ఆయన పోయి పదకొండేళ్లయింది. మా బ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువ హాజరు ఆయనదే. డిపార్ట్‌మెంట్‌లో చెబితే "డేటా కరెక్ట్‌గానే ఉంది" అన్నారు.

బాపు గురించి రెండు మాటలు. పక్కనుంచి మాట్లాడకు, ఆయనకు నచ్చదు. ఎదురుగా కూర్చుని, పెదాలు కదిపి, నింపాదిగా మాట్లాడు. ఫోన్ చేయకు. పక్కన పసుపు పాలిష్ చేసే డ్రమ్ములు తిరుగుతుంటే ఫోన్ ఏం వినబడుతుంది, అందుకే ఆయన అలవాటు తప్పాడు. నేను ఉత్తరాలు రాయడం కూడా అందుకే.

రికార్డింగులు మెయిల్లో పంపు. చెల్లెలిగా కాదు, థీసిస్‌కు డేటా దొరకని విద్యార్థిగా అడుగుతున్నాను.

కృతిక

*

ఆర్మూర్
ఫిబ్రవరి 23

చెల్లె కృతికకు,

3,140 కొమ్ములు అయ్యాయి. మిషన్ నూటికి తొంభై ఆరు సార్లు కాక చెప్పినదే చెబుతోంది. మా కంపెనీలో కేకు కోసుకున్నారు. నేను ఫోటోలో చూశాను.

ఇప్పుడు కేకు కోసినవాళ్లకు చెప్పని విషయం. ఈ నెల పద్దెనిమిదిన, ఉదయం 11 గంటల 42 నిమిషాలకు కాక ఒక కొమ్ము విరిచాడు. విరిగిన చప్పుడు 7.3 సెకన్ల దగ్గర నమోదైంది. మిషన్ "తడి" అని రాసింది 6.9 దగ్గర.

అంటే చప్పుడు రాకముందే.

గడియారం తప్పేమో అనుకున్నాను. మార్చాను. ఆపి మళ్లీ ఆన్ చేశాను. మా వృత్తిలో మొదటి చికిత్స, చివరి చికిత్స అదే. టాబ్లెట్ మార్చాను. తర్వాత వరసగా మూడు వందల కొమ్ములు సెకన్లతో సహా రాసుకున్నాను. 212 సార్లు కొమ్ము విరగకముందే జవాబు వచ్చింది. తప్పు పోయినవి తొమ్మిది.

సేటుకు చూపించాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇంజనీర్ సాబ్, దీనికేమన్న సోకిందా? నిమ్మకాయ గట్టమంటవా?"

"లేదు సేటు, ప్రోగ్రాంలో తప్పు ఉండొచ్చు."

"తప్పైతే తప్పు జెప్తది గద. గిది కరెక్టు జెప్పవట్టె."

 కాకకు చూపించాను. టాబ్లెట్ మీద పడ్డ పసుపు పొడిని తువ్వాలతో తుడిచి నాకు ఇచ్చాడు.

ఏప్రిల్ 8న మా యజమాని వస్తున్నాడు. మహారాష్ట్ర నుంచి కొనేవాళ్లను కూడా తీసుకొస్తున్నాడు. అందరి ముందు కాక కాకుండా ఎవరో కొత్త మనిషి యాభై కొమ్ములు విరవాలి, మిషన్ చెప్పాలి. సేటు నిన్న మాటల్లో అన్నాడు: "గప్పుడు పాసైతే ముత్తెన్న ఎందుకిగ? ఇంటికాడ రెస్ట్ తీస్కుంటడు." నవ్వుతూనే అన్నాడు. కానీ అన్నాడు.

ఫైళ్లు పంపాను. గడియారం తప్పు ఎక్కడుందో కనిపెడితే నీ థీసిస్ మొత్తం నేనే టైపు చేస్తాను.

ప్రణయ్

*

హైదరాబాద్
మార్చి 2

ప్రణయన్నకు,

గడియారం తప్పు లేదు. టైపింగ్ నుంచి తప్పించుకున్నావు.

ఫైళ్లలోంచి డ్రమ్ముల మోత తీసేశాను. ఈ పని ఒకటి నాకు వచ్చు. అప్పుడు వినబడింది. బాపు "తడి" అన్న ప్రతిసారీ, కొమ్ము విరిగే ముందు, సుమారు అర సెకను ముందు, ఒక ఊపిరి ఉంది. ముక్కులోంచి చిన్నగా వదిలిన ఊపిరి. "ఎండింది" అన్నప్పుడు అది లేదు. నువ్వు మైకును ఆయన గొంతు కింద పెట్టావు. డ్రమ్ముల మోతలో కొమ్ము చప్పుడు సగం మునిగిపోయింది, ఊపిరి మాత్రం స్పష్టంగా పడింది. మిషన్‌కు సులువైనది ఏదో అదే నేర్చుకుంది.

నీ మిషన్ పసుపును వినడం లేదన్నా. మా బాపును వింటోంది.

మా సీనియర్ ఒకాయన ఆకు ఫోటో చూసి తెగులు చెప్పే ప్రాజెక్టు చేశాడు. నూటికి తొంభై తొమ్మిది. తెగులున్న ఆకులన్నీ ఒకడే పట్టుకుని ఫోటో తీశాడట, మిషన్ వాడి బొటనవేలును నేర్చుకుంది. బొటనవేలు కనబడితే తెగులు. ఆయనకు గోల్డ్ మెడల్ వచ్చింది.

ఊపిరి ముక్కను కత్తిరించి మిషన్‌కు మళ్లీ నేర్పించు. ఎంత వస్తుందో చూడు.

నువ్వు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. విరిచి, విని కదా చెప్పాలి, మరి విరవకముందే ఆయనకు ఎలా తెలిసింది? అది నన్ను అడగకు.

కృతిక

*

ఆర్మూర్
మార్చి 16

కృతికకు,

ఊపిరి కత్తిరించి నేర్పించాను. నూటికి యాభై నాలుగు. రూపాయి బిళ్ల ఎగరేసినా యాభై వస్తుంది.

అడగొద్దన్నావు కాబట్టి నేనే చూశాను. జరిగింది వరసగా రాస్తాను.

సోమవారం మధ్యాహ్నం డ్రమ్ములు ఆపిన వేళ, కాక అటు తిరిగి తువ్వాల దులుపుకుంటుంటే, ఆయన వెనక మూడడుగుల దూరంలో ఒక స్టీలు పళ్లెం జారవిడిచాను. సిమెంటు నేల. బయట ఆటో దగ్గరున్నవాళ్లు కూడా తలలు తిప్పారు. కాక తిప్పలేదు. మంగళవారం మళ్లీ చేశాను. తిప్పలేదు.

బుధవారం నలభై టీ డబ్బాలు తెచ్చాను. ఒక్కో దాంట్లో ఒక్కో కొమ్ము వేసి మూతలకు టేపు చుట్టాను. ఎందులో ఏది ఉందో నాకూ తెలియకుండా సేటు మనవడితో కలిపించాను. కాకను ఎదురుగా కూర్చోబెట్టి, ముట్టుకోవద్దని చెప్పి, ఒక్కొక్కటి ముందు పెట్టాను. మైకు మాత్రం ఆయన గుండీకే ఉంది. ఆయన నోరు విప్పలేదు. మిషన్ రాసుకుంటూ పోయింది. తర్వాత డబ్బాలు విప్పి, కొమ్ములు తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి మళ్లీ తూచాను. నలభైలో ముప్పై ఏడు సరిపోయాయి.

చూడలేదు. ముట్టుకోలేదు. వినలేదు. టేపు చుట్టిన డబ్బాలోంచి వాసన వచ్చిందనుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. సైన్సు చదువుకున్నవాడు ఇక్కడ "మరిన్ని పరీక్షలు అవసరం" అని రాస్తాడు. నేనూ అదే రాస్తున్నాను.

డబ్బాలు సర్దుతుంటే కాక నా భుజం తట్టాడు.

"పళ్లెం ఎందుకు ఇసిరేసినవ్ బిడ్డా? సొట్టవడ్డది సూడు. మా ఇంటామె గంగమణికి తెలిస్తే నిన్ను, నన్ను ఇద్దర్ని తిడ్తది."

"కాకా, నీకు వినబడదు కదా?"

ఆయన నా పెదాలు చూశాడు. "ఇనవడది."

"మరి చెవి దగ్గర పెట్టుకుని ఎందుకు విరుస్తావు?"

"నాకోసం గాదు బిడ్డా. గా చప్పుడు వాళ్లకోసం. ఇరువకుండ జెప్తె భయపడరా?"

నీకు ఎప్పటినుంచి తెలుసు?

ప్రణయ్

*

హైదరాబాద్
మార్చి 23

ప్రణయన్నకు,

మూడేళ్ల నుంచి తెలుసు.

నిజామాబాద్‌లో పరీక్ష చేయించాం. రెండు చెవులూ పోయాయి. నలభై ఏళ్లు డ్రమ్ముల పక్కన కూర్చుంటే ఇలాగే అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. మా తాతకూ ఇదే కుర్చీ, ఇదే వయసు, ఇలాగే. బాపుకు, అమ్మకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎదురుగా కూర్చో అని, ఫోన్ చేయకు అని నీకు ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

నీ కంపెనీకి పసుపు మనిషి కావాలంటే బాపు పేరు చెప్పింది నేనే. నేను ఆలోచించింది ఒకటే. ఎవరో ఒకరు కనిపెట్టేలోపు ఆయన చెవి మిషన్‌లోకి ఎక్కితే, ఆ తర్వాత ఎవరూ ఆయన్ను పరీక్షించరు, మిషన్‌కు గురువని కూర్చోబెడతారు. లేని చెవిని నీతో రికార్డు చేయించాను. క్షమించమని అడగడం లేదు. మళ్లీ అవసరమైతే మళ్లీ చేస్తాను.

ఊపిరి సంగతి. అది ఇంట్లో ఎప్పుడూ ఉంది. అమ్మ పాలు పొయ్యి మీద పెట్టబోతుంటే బాపు అలా ఊపిరి వదిలితే, అమ్మ ఆ పాలు పక్కన పెట్టేసేది. విరిగిపోతాయి కాబట్టి. మాకు అది వింత కాదు. మీ ఇంట్లో ఎవరికో తుమ్ములు వచ్చేవి కదా, అలాంటిదే అనుకునేవాళ్లం. నాన్నలందరూ అలాగే ఉంటారనుకున్నాను, హాస్టల్‌కు వచ్చేదాకా.

సేటుకు చెప్పకు. చెవులు లేని మనిషి మూడేళ్లుగా వింటున్నట్టు కూర్చున్నాడని తెలిస్తే, ఆ మూడేళ్లలో తడి అని తిప్పిపంపిన ప్రతి రైతూ మా గడప ముందుకు వస్తాడు. ఆయన ఒక్క సంచి కూడా తప్పు చెప్పలేదు. కానీ డబ్బాల లెక్క చూపిస్తే వాళ్లు నమ్ముతారా? నువ్వే నమ్మలేకపోయావు.

కుర్చీ పోతే బాపు పోతాడన్నా. ఇది మాటవరసకు రాయడం లేదు. మా తాత కుర్చీ దిగిన నెలకు పోయాడు.

కృతిక

*

ఆర్మూర్
ఏప్రిల్ 13

కృతికకు,

ఈ ఉత్తరాన్ని మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నేను వేసిన ఎత్తు చాలా సులువైనది. కాక ఊపిరి లేకపోతే మిషన్ రూపాయి బిళ్లతో సమానం. అందుకని ఎనిమిదో తారీఖున కాకను షెడ్డుకు రావద్దన్నాను. ఆయన జక్రాన్‌పల్లిలో మీ మేనత్త ఇంటికి వెళ్లాడు. మిషన్ అందరి ముందు ఫెయిలవుతుంది, మా యజమాని నన్ను తిట్టి తీసుకుపోతాడు, కుర్చీ కాకకు మిగులుతుంది. నా ఉద్యోగం పోవచ్చు. పోతే ఇంకోటి వస్తుంది. మా ఫీల్డులో ఫెయిలైన ప్రాజెక్టును అనుభవం అంటారు.

కొనేవాళ్లతో వచ్చిన మనిషి ఒకడు విరిచాడు. మైకు పెట్టబోతే అతని కండువాకు చిక్కుకుంటోంది. చిరాకుపడి "నువ్వే పెట్టుకో భయ్యా" అన్నాడు. నా గుండీకి పెట్టుకుని అతని పక్కన నిలబడ్డాను. యాభై కొమ్ములు.

నలభై ఎనిమిది సరైనవి. విరగకముందే వచ్చిన జవాబులు ముప్పై ఒకటి.

అందరూ చప్పట్లు కొట్టారు. మా యజమాని వీడియో తీసుకున్నాడు. వాళ్లు భోజనాలకు వెళ్లాక నేను రికార్డింగు తీసి, నీలాగే డ్రమ్ముల మోత తీసేసి విన్నాను. ఊపిరి ఉంది. ముక్కులోంచి, చిన్నగా, అర సెకను ముందు. కాక అప్పుడు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఫోన్ చేసి మీ మేనత్తను అడిగాను కూడా. అన్నం తింటున్నాడని చెప్పింది.

విరిచినవాడిదేమో అని చూశాను. సేటుదేమో అని చూశాను. నాలుగుసార్లు విన్నాను.

అది నాది.

నేను ఆ కొమ్ములు చూడటం లేదు, టాబ్లెట్ చూస్తున్నాను. ఏది ఎండిందో నాకు తెలియదు. నాకు తెలియదని నేను ప్రమాణం చేయగలను. ఊపిరి వదిలినట్టు కూడా తెలియదు.

మర్నాడు సేటు కాకకు కబురు పంపాడు, ఇక రావద్దని. నేను వెంటనే సేటుకు నిజం చెప్పాను. కాక చెవుల సంగతి కాదు, నా సంగతి. మిషన్ కొమ్మును వినదు, పక్కనున్న మనిషిని వింటుంది, నిన్న నన్ను విన్నది, నేను లేకపోతే పనిచేయదు అన్నాను. ఆయన ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చూపించాడు.

"అయితె నువ్వే కూసో. గంతే గద. ఫికరెందుకు?"

కూర్చున్నాను. నేను ఖాళీ చేస్తే కంపెనీ ఇంకెవరినో కూర్చోబెడుతుంది, నేను ఉంటే కాక వచ్చేదాకా చోటు కాచినట్టు ఉంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. మాట ప్రకారం మిషన్ ఆయన్ను లేపలేదు. నేను లేపాను. నాలుగు రోజులైంది. ఇంతవరకు ఒక్క సంచి కూడా తప్పు చెప్పలేదు.

ప్రణయ్

*

హైదరాబాద్
ఏప్రిల్ 20

ప్రణయ్,

నీ ఉత్తరం పదిహేడున అందింది. బాపు పదహారునే ఇక్కడికి వచ్చాడు. అమ్మ పంపింది, ఇంట్లో అన్నం ముట్టడం లేదని.

ఆయన్ను గెస్ట్ రూంలో ఉంచి, పద్దెనిమిదిన చెవి మిషన్ పెట్టించడానికి తీసుకెళ్లాను. పెట్టే ముందు పరీక్ష ఉంటుంది. గాజు గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి కూర్చోబెట్టారు. కూత వినబడగానే చేతిలోని బటన్ నొక్కమన్నారు. టెక్నీషియన్ పేరు పద్మలత. పాతికేళ్లుంటాయి, నెమ్మదస్తురాలు. నేను ఆమె పక్కన కూర్చుని స్క్రీన్ చూస్తున్నాను. గది లోపలి నుంచి స్క్రీన్ కనబడదు. ఆమె చేతులు కూడా కనబడవు.

బాపు నొక్కాడు. ఆమె ఇంకా కూత వదలలేదు.

"ఆత్రపడుతున్నారు, చాలామంది అంతే" అంది. కూతకు కూతకు మధ్య సమయం మార్చింది. రెండు సెకన్లు, తొమ్మిది, నాలుగు, పదిహేను. ఆయన ప్రతిసారీ నొక్కాడు. ప్రతిసారీ అర సెకను ముందు. ఆమె మీట మీద వేలు పెట్టి నొక్కకుండా ఊరుకుంది. ఆయనా ఊరుకున్నాడు. ఆమె నొక్కబోయింది, ఆయన బటన్ నొక్కితే వెలిగే దీపం ముందే వెలిగింది. పద్మలత చెయ్యి వెనక్కి తీసుకుని చాలాసేపు ఒడిలో పెట్టుకుంది. ఆ తర్వాత రిపోర్టు మీద "ఫలితం చెల్లదు" అని రాసి, ఫీజు వద్దంది. ఆ మధ్యాహ్నం మిగతా పరీక్షలు రద్దు చేసుకుందని కౌంటర్లో చెప్పారు.

బయటికొచ్చాక బాపు అడిగాడు.

"ఏం రాసిందమ్మా?"

"చెల్లదట బాపూ."

"నాకు చెవుల మిషన్ వద్దు బిడ్డా. రెండు దిక్కుల కెల్లి ఇనుడు నాతోని గాదు."

నువ్వు కుర్చీలో కూర్చున్నావని ఆయనకు నేను చెప్పలేదు. చెప్పకముందే అన్నాడు: "గా పిలగాడు ఇగ పండుకోలేడు పాపం. మొదట్ల నేను గూడ గంతే." ఆయన గొంతులో కోపం లేదు. దానికే నాకు భయమేసింది.

ఈ ఉత్తరం ఆయనతోనే పంపుతున్నాను. ఎల్లుండి ఉదయం బస్సెక్కుతున్నాడు. సేటు ముందు నిలబడి తన చెవుల సంగతి తానే చెబుతాడట. "దొంగతనంగ కూసునుడు వద్దు" అంటున్నాడు. ఎంత చెప్పినా వినలేదు. చెప్పాక రైతులు ఏమన్నా, సేటు ఏమన్నా, నువ్వు పక్కన ఉండు. ఆయన చూసేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉండాలి. చెల్లెలిగా అడగడం లేదు. మాట ఇచ్చావు కాబట్టి అడుగుతున్నాను.

కృతిక

*

ఆర్మూర్
ఏప్రిల్ 24

చెల్లె కృతికకు,

నిన్న ఉదయం పదిన్నరకు కాక వచ్చాడు. నేను అప్పటికే కుర్చీలోంచి లేచి ఉన్నాను. నీ ఉత్తరం అప్పటికింకా ఆయన జేబులోనే ఉంది. ఎందుకు లేచానని అడగకు, నాకూ తెలియదు.

షెడ్డులో పదిహేను, ఇరవై మంది రైతులున్నారు. డ్రమ్ములు ఆపించమని కాక చేత్తో సైగ చేశాడు. ఆపారు. సేటు కూర్చునే గద్దె ముందు నిలబడి, సేటుతో అందరికీ వినబడేలా చెప్పాడు.

"సేటూ, మూడేండ్ల సంది నాకు ఇనవడ్తలేదు. ఒక్క ముక్క ఇనవడదు. ఇన్నట్టు ఏషం ఏసిన. తప్పు జెప్పి ఉంటె ముంగటికి రాండ్రి."

  వెనకనుంచి ఒకతను, "గదేంది, మొన్న శివరాత్రికి నా పసుపు రెండుసార్లు వాపసు పంపితివి గద!" అన్నాడు. కాకకు అతను కనబడలేదు, కాబట్టి వినబడలేదు. నేను కాక ఎదురుగా వెళ్లి ఆ మాట పెదాలతో చెప్పాను. ఆయన అతని వైపు తిరిగి అడిగాడు.

"రెండోపారి ఎండిందా, లేదా?"

"ఎండింది గని..." అతను ఆగిపోయాడు.

అప్పుడే గుమ్మం దగ్గర ఆటో ఆగింది. పోచంపాడ్ వైపు నుంచి వచ్చే మంగవ్వ తన సంచి దింపించుకుంటోంది. యాభై ఏళ్ల మనిషి, ఒక్కతే సాగు చేసుకుంటుంది, ప్రతి ఏడూ ఇక్కడికే తెస్తుంది. ఇక్కడ ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. సంచిని ఈడ్చుకొచ్చి గద్దె ముందు పెట్టింది. మూతి సుతిలి తాడుతో గట్టిగా కుట్టి ఉంది.

మేమిద్దరం, కాక ఆ పక్క, నేను ఈ పక్క, ఒకేసారి ఊపిరి వదిలాం.

డ్రమ్ములు ఆగి ఉన్నాయి. అందరికీ వినబడింది. నా చొక్కాకు మైకు లేదు. టాబ్లెట్ ఆఫ్‌లో ఉంది, నేనే చేశాను.

మంగవ్వ కాక మొహం చూసింది, నా మొహం చూసింది. చేతిలోని కొడవలి తాడు మీద పెట్టిందల్లా తీసేసింది.

"తడేనా?"

కాక తలూపాడు.

"ఉడుకవెట్టినంక వానవడ్డది, మూడు దినాలు ఎండలేదు. మీకు చూపెట్టకుండ అమ్ముదమనుకున్న." ఒక క్షణం ఆగి, కాక కళ్లలోకి చూస్తూ పెద్దగా అడిగింది. "ఏం ముత్తెన్నా, నిలవడ్డవేంది? ఎవలన్న లేవమన్నరా?"

 ఆమె సేటు వైపు తిరిగింది. సేటు చూపు దించుకుని, కుర్చీని కాలితో కాస్త ముందుకు జరిపాడు.

"కూసో ముత్తెన్నా. కూసో."

కాక కూర్చున్నాడు. శివరాత్రి రైతు వచ్చి ఆయన ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిపి, "ఇగ చెవికాడ వెట్టుకోకు, ఉత్తగనే జెప్పు" అన్నాడు. కొందరు నవ్వారు. అందరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు తమ సంచులు ఎత్తుకుని వేరే అడ్తికి వెళ్లిపోయారు. తడి వల్ల కాదు, భయం వల్ల అని నా అంచనా. అది అంచనాయే.

మా కంపెనీకి రాజీనామా పంపాను. మిషన్ దేన్ని వింటుందో రెండు పేజీల్లో వివరంగా రాసి జతచేశాను. మేనేజర్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఎలా కుదించిందో తెలియదు. ఆయన నుంచి వచ్చిన జవాబులో "అభినందనలు" అని ఉంది.

ఈరోజు మధ్యాహ్నం బస్సుకు నవీపేట్‌లో మా ఇంటికి వెళ్లిపోదామని బ్యాగు సర్దుకుని షెడ్డు బయట నిలబడ్డాను. లోపలికి చూడకూడదని రోడ్డు వైపు తిరిగాను. డ్రమ్ములు మళ్లీ తిరుగుతున్నాయి. నా వెనక ఎవరో సంచి దించారు. ఎవరో నాకు తెలియదు, ఎక్కడి పసుపో తెలియదు, దించిన చప్పుడు కూడా ఆ మోతలో వినబడలేదు. నా ముక్కులోంచి ఊపిరి బయటికి వచ్చింది.

అర సెకను తర్వాత లోపలి నుంచి కాక గొంతు పెద్దగా వినబడింది. "తడి."

బస్సు వచ్చింది. ఎక్కలేదు.

ప్రణయ్